మెడ మీద చెయ్యి

ఫుప్పూ చెయ్యి మెడ మీదే ఉంది. వెచ్చగా, తడిగా, బరువుగా, మధ్యాహ్నం జుహర్ నమాజు అయినప్పటి నుంచి తియ్యలేదు, చూసేవాళ్ళు మేనత్త ప్రేమ అనుకుంటారు, అనుకోనీ, ఆ చెయ్యి ఏ పని మీద అక్కడ కూర్చుందో సబీహాకు తెలుసు. ఈ ఇంట్లో పెళ్ళయిన ప్రతి ఆడపిల్ల మెడ మీదా అది ఇలాగే కూర్చుంది. గల్లీ చివరి మసీదులో పెళ్ళికొడుకూ ఖాజీ ఎదురుచూస్తూ ఉంటారు, ఇంట్లో పైగదిలో ఉన్న పిల్లని అడగడానికి వకీలు వస్తాడు, వకీలంటే నల్లకోటు వకీలు కాదు, పెళ్ళికూతురి మాట విని, ఆ మాటను మోసుకెళ్ళి ఖాజీకి అప్పగించే ఇంటి పెద్దమనిషి, వెంట ఇద్దరు సాక్షులు, ఫలానావాడితో నిఖా నీకు కబూలా, సమ్మతమా అని మూడుసార్లు అడుగుతారు, పిల్ల సిగ్గుతో నోరు తెరవదు, అప్పుడు ఫుప్పూ చెయ్యి తన పని తాను చేస్తుంది, మెడను మెత్తగా ముందుకు నొక్కుతుంది, తల వంగుతుంది, తల వంగితే హౌ, అంటే ఔను అన్నట్టే, గదినిండా ముబారక్, ముబారక్. పెద్ద అక్క రుబీనా తల అలాగే వంగింది. చిన్నాన్న కూతుళ్ళ తలలూ వంగాయి. ఎవరి తల వాళ్ళే వంచుకున్నారా అని ఈ రోజుదాకా అడిగిన మనిషి లేడు.

ఎర్ర దుపట్టా ముఖం మీదుగా గడ్డం దాకా కప్పారు, కింది నుంచి కనిపించే ప్రపంచం జానెడు, ఒళ్ళో పెట్టుకున్న మెహందీ చేతులు, జంపఖానా అంచు, వచ్చేపోయే ఆడవాళ్ళ పాదాలు. పాదాలకు సానుభూతి ఉంటుందని ఇవాళే తెలిసింది, ఆమె దగ్గరికి రాగానే అవి నెమ్మదిస్తాయి, రోగి మంచం పక్కన నడిచినట్టు నడుస్తాయి, ఆ నడక చూస్తే ఒళ్ళు మండిపోతోంది. ఏమైందని నాకు? ఎవరు పోయారని? కిటికీ అవతల చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీంచి బస్సులు మోత పెడుతూ పోతున్నాయి, కింద ఎవరో బిర్యానీ దేగ్చా మూత జరిపారు, వాసన మెట్లెక్కి పైకి వచ్చింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అయినా ఆకలి లేదు, కడుపులో ఆకలి ఉండాల్సిన చోటంతా కోపమే ఉంది. ‘ఇంత జరిగినా చేసుకుంటున్నడు, షరీఫ్ పోరగాడు, మంచోడు,’ అని ఎవరి పాదాలో అన్నాయి. ‘హౌ, ఇంత జరిగినా,’ అని ఇంకో జత పాదాలు. ఇంత జరిగినా. ఈ రెండు మాటలు గడిచిన నెలల్లో ఎన్నిసార్లు విన్నదో, పక్కింటివాళ్ళు, చుట్టాలు, పాలవాడు తప్ప అందరూ అన్నారు, జరిగిందంతా ఆమె జరిపించినట్టు, ఆమే ఎక్కడో ఏదో దొంగిలించి పట్టుబడినట్టు.

జరిగింది ఇది. రంజాన్ అయిన మరుసటి వారం సుచరిత ఫోన్ చేసింది, ఇంటర్ నుంచి ఒకే బెంచీ, ఎప్పుడూ నవ్వుతూ మొదలుపెట్టే పిల్ల ఆ రోజు నవ్వలేదు. ‘సబీ, ఏడున్నవ్? ముందు కూసో. కూసున్నవా?’ అంది. తరువాత ఒక బొమ్మ పంపింది. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు ఒక యాప్ తయారుచేశారు, అందులో ముస్లిం ఆడపిల్లల ఫోటోలు వరసగా పెట్టారు, అమ్మకానికి, వేలం పాటలాగా, ఒక్కొక్క ఫోటో కింద ఒక ధర, ధర కింద మగవాళ్ళ నవ్వులు, వెకిలి మాటలు, ఆ వరసలో సబీహా. నీలం దుపట్టా, ఎత్తిన చెయ్యి. ఆ ఫోటో ఆమె గల్లీలోదే, వానాకాలంలో నాలా పొంగి ఇళ్ళలోకి నీళ్ళొస్తే, మూత లేని మ్యాన్‌హోల్ పక్కన నిలబడి, ఇదిగో ఇక్కడ నిన్న ఒక ముసలాయన పడ్డాడు, రేపు మీ పిల్లలు పడతారు అని ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పి పెట్టిన వీడియోలోంచి కోసిన బొమ్మ. వేలు మ్యాన్‌హోల్ వైపు చూపిస్తోంది. వాళ్ళు మ్యాన్‌హోల్‌ని కత్తిరించేశారు. విచిత్రం, మొదట ఆమెకి కనిపించింది ధర కాదు, ఆ మాటలు కాదు, మ్యాన్‌హోల్ లేకపోవడం. అరె, గుంత ఏదిరా, గుంత కోసం కదా నేను నిలబడ్డది అనుకుంది, తరువాతే ధర చదివింది. ఆ వీడియో పెట్టాక మూడో రోజుకే మూత వేశారు, గల్లీలో పిల్లలు నాలా ఆపా, నాలా అక్క అని పిలిచేవాళ్ళు, కిరాణా కొట్టు రామలింగయ్య ఆమెను చూసి ‘ఏం బిడ్డా, మా దుకాణం ముంగట లైటు గూడ జర చెప్పరాదు నీ ఫోన్ల,’ అనేవాడు. ఆ గొంతుకి ఒక ధర కట్టి అమ్మకానికి పెట్టినవాడు ఎవడు, ఎక్కడ కూర్చుని పెట్టాడు, వాడికి ఒక తల్లి ఉంటుంది, వాడికి టీ తెచ్చి ఇచ్చి ఉంటుంది, వాడు ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో గుంతను కత్తిరించి ఉంటాడు.

సుచరితను వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళింది, అబ్బాకి చెప్పకుండా. ఫిర్యాదు రాసుకునే మనిషి మర్యాదగానే మాట్లాడాడు, మర్యాదే మరీ కాల్చింది. ‘అకౌంట్ పబ్లిక్‌ల ఎందుకు పెట్టినవమ్మా?’ అన్నాడు. ‘రోడ్డు పబ్లిక్‌లనే ఉంది గద సార్, గుంత గూడ పబ్లిక్‌లనే ఉంది,’ అంది సబీహా, సుచరిత మోచేత్తో పొడిచింది. కేసు రాసుకున్నారు. అమ్మకానికి పెట్టినవాణ్ణి ఎక్కడ వెతుకుతారో చెప్పలేదు, ఆమెను మాత్రం ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు, పెళ్ళయిందా అని అడిగారు. వచ్చేటప్పుడు సంతోష్‌నగర్‌లో హైమవతి మేడమ్ ఇంటికి వెళ్ళారు, డిగ్రీలో తెలుగు చెప్పిన మేడమ్, కాకినాడవైపు మనిషి, కాఫీ ఇచ్చింది, నెత్తి నిమిరింది, ‘అందుకేనమ్మా మా అమ్మాయి అనూహ్యకి కూడా చెబుతుంటాను, ఫోటోలు పెట్టొద్దని. మీవాళ్ళలో నీలాంటి చదువుకున్న పిల్లలు ముందే తక్కువ, ఇంత చక్కని తెలుగు మాట్లాడతావు, నీకెందుకమ్మా ఈ గొడవలు,’ అంది. చెడ్డ మనిషి కాదు. ఆ రోజు నిజంగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మీవాళ్ళు అన్న మాట కాఫీతోపాటు గొంతులో దిగలేదు, ఇంత చక్కని తెలుగు అనే మెప్పు అయితే అసలు దిగలేదు, పాలమూరులో పుట్టి పెరిగిన అమ్మీ నోటినుంచి వచ్చిన తెలుగు ఇది, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు. పుట్టిన ఊళ్ళో పుట్టిన భాష మాట్లాడితే మెచ్చుకుంటారు, పుట్టిన గల్లీలో నిలబడితే అమ్మకానికి పెడతారు.

ఫుప్పూ చెయ్యి కాస్త కదిలింది, గాజులు గలగలమన్నాయి, లాడ్ బజార్‌లో అబ్బా పనిచేసే దుకాణం నుంచి వచ్చిన లక్క గాజులే, వాటిలో రాళ్ళు అమ్మీ అతికినవే అయ్యుంటాయి, నిప్పుల కుంపటి పక్కన కూర్చుని, లక్క మెత్తబడగానే చిమటాతో ఒక్కొక్క రాయి, వేళ్ళ కొసలు కాలి గట్టిపడి ఇప్పుడు వేడే తెలియదంటుంది అమ్మీ. వేడి తెలియకపోవడం అమ్మీకి వేళ్ళతో ఆగలేదు. అబ్బా బజారు నుంచి వచ్చి ‘తలెత్తుకోనిస్తలేరు నన్ను, నీ బిడ్డ ఫోటో చూసినం అంటున్నరు,’ అని అరిచి, సబీహా చేతిలో ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసినప్పుడు అమ్మీ అక్కడే ఉంది. రాయి అతుకుతూ కూర్చుంది. అబ్బా ఆ యాప్ చేసినవాళ్ళని ఒక్క తిట్టు తిట్టలేదు, ఎవడో బద్మాష్ అన్నాడు, వాన వచ్చింది అన్నట్టు, కరెంటు పోయింది అన్నట్టు, వాన మీద ఎవరు కేసు పెడతారు, తడిసినదాన్ని తిట్టాలి గానీ. అమ్మీ అయినా ఒక్క మాట, నా బిడ్డ తప్పేంది అని ఒక్క మాట అని ఉంటే. అనలేదు. అబ్బా మీద కోపం మంటలాంటిది, భగ్గుమని లేచి కాసేపటికి తగ్గుతుంది, అమ్మీ మీద కోపం అలా కాదు, అది రాత్రీ పగలూ ఒకేలా ఉంది.

అప్పుడే వెతికారు ఈ ఇంతియాజ్‌ని. ఏసీలు బాగుచేసే దుకాణం, దుర్వ్యసనాలు లేవు, ఐదు పూటల నమాజు. తల్లితో కలిసి వచ్చి, తలవంచుకుని షర్బత్ తాగి, పోయేముందు అబ్బాతో ఒకే ఒక్క మాట అన్నాడు, పక్కగదిలోకి వినిపించింది. ‘నాకేం ఫరక్ పడదు మామూ. వీడియోలు బందు, కేసు వాపస్, గంతే.’ గొంతు పెంచలేదు, మెత్తగా అన్నాడు, దానం చేసేవాళ్ళు మాట్లాడేంత మెత్తగా. ఫరక్ పడదట. పడాలి కదరా. నీ కాబోయే భార్యను ఎవడో అంగట్లో పెడితే ఫరక్ పడని మనిషివి నువ్వు నాకెందుకు? బయటివాళ్ళు అమ్మకానికి పెట్టారు, ఇంట్లోవాళ్ళు తొందరగా గిరాకీ చూసి అమ్మేసి కొట్టు మూసేస్తున్నారు, ఇద్దరికీ మధ్య తేడా ఏమిటంటే వీళ్ళు బిర్యానీ పెడుతున్నారు. కేసు వాపస్ అంటే మరి ఆ వరసలో ఉన్న మిగతా ఆడపిల్లలు? ఆమె పక్క ఫోటోలో ఒక పెద్దావిడ ఉంది, తెల్లజుట్టు, ఎవరి కోసమో ధర్నాలో కూర్చున్న ఫోటో, ఆమెకూ ధర కట్టారు. ఆ ముఖం కళ్ళముందు నుంచి పోదు. ఎవరి నానీయో, ఎవరి అమ్మమ్మో.

వద్దని చెప్పలేదా అంటే, చెప్పింది, గొంతు పోయేదాకా చెప్పింది. వద్దంటే సిగ్గు అన్నారు. గట్టిగా వద్దంటే దిష్టి తగిలిందన్నారు, ఫుప్పూ మిరపకాయలు తిప్పింది. ఏడిస్తే పుట్టిల్లు వదలలేక అన్నారు, అన్నం మానేస్తే పెళ్ళినాటికి సన్నబడాలని అన్నారు, చివరికి విసిగి నోరు మూసుకుంటే, చూసినవా, మనసు కుదుటపడ్డది అని మెహందీ పెట్టేదాన్ని పిలిచారు. ఈ ఇంట్లో ఆమె నోట్లోంచి ఏం వచ్చినా, ఏం రాకపోయినా అది హౌ అయిపోతుంది, ఏ పప్పు వేసినా ఒకే పిండి ఆడే గిర్నీలాగా. అందుకే ఇక అరవడం మానేసి ఈ గంట కోసం కూర్చుంది. చిన్నప్పుడు ఖురాన్ చదివించిన ఉస్తానీ అమ్మ, పాన్ నములుతూ బెత్తం ఊపుతూ చెప్పింది, ఆడపిల్ల ఒప్పుకోనిదే నిఖా లేదు బేటీ, బాద్‌షా అడిగినా అంతే. ఆమె దీన్‌లో, ఆమె మతంలో ఆమెనే అడగాలని ఉన్న ప్రశ్న ఇది, అడగక తప్పదు, ఆ ప్రశ్న మెట్లెక్కి ఆమె దగ్గరికే రావాలి, ఇంటిల్లిపాదీ అబ్బాతో సహా దాని జవాబు కోసం ఆగాలి. వాళ్ళు ఆ ప్రశ్నను పారేయలేకపోయారు, అందుకని మెడ మీద చెయ్యి పెట్టారు. ఇవాళ ఆ చెయ్యి గెలిస్తే కేసు పోతుంది, గొంతు పోతుంది, ఇక జీవితమంతా ఎవరైనా అడిగితే, నువ్వే గదా హౌ అన్నవ్ అంటారు.

నిన్న పెళ్ళివాళ్ళంతా టీవీ ముందు కూర్చుంటే అందులో నలుగురు మగవాళ్ళు ముస్లిం మహిళ గురించి కొట్లాడుకుంటున్నారు, ఒకడు ఆమెను కాపాడతానంటాడు, ఒకడు ఆమె ఇప్పటికే సురక్షితంగా ఉందంటాడు, ఆ ముస్లిం మహిళకి పేరు లేదు, కుర్చీ లేదు, నలుగురి మధ్యా ఆమె ఒక టీపాయ్‌లాగా ఉంది. ఒక దేశంలో నెత్తి మీద గుడ్డ తియ్యమని పోలీసు వెంటపడతాడు, ఇంకో దేశంలో గుడ్డ జారిందని పోలీసు వెంటపడతాడు, ఒకచోట బడి తలుపులు మూసి ఇంటికి పో అంటారు, ఒకచోట గుడ్డ తీస్తేనే బడిలోకి రా అంటారు, పరీక్ష రాయడానికి వెళ్ళిన రోజు గేటు దగ్గర సబీహానూ ఆపారు, చెవులు చూపించమన్నారు, చూపించింది, వెనక వరసలో మగపిల్లలు చూస్తుండగా. చదివింది రాయడానికి చెవులెందుకో ఆ వాచ్‌మన్‌కీ తెలియదు. తియ్యమనేవాడిదీ వెయ్యమనేవాడిదీ ఒకే చెయ్యి, ఇప్పుడు మెడ మీద ఉన్నదీ అదే, గాజులు తొడుక్కుంది అంతే.

ఎవరో నవ్వారు. అమ్మీ కథ చెబుతున్నారు, ప్రతి పెళ్ళిలో చెప్పే కథే. అమ్మీ నిఖా రోజున ఆమెకు మలేరియా, ఒళ్ళు కాలిపోతోంది, పెద్ద దుప్పటి కప్పి మూల కూర్చోబెట్టారు, వకీలు వచ్చి అడిగి వెళ్ళిపోయాడు, అమ్మీ నిద్రపోతూ ఉంది, గోడకు తల కొట్టుకుని వంగిందట, అదే హౌ అయింది, ముబారక్ అన్న కేకలకు లేచి ఏమైంది, ఎవరు సచ్చిన్రు అని అడిగిందట. గదంతా గొల్లుమంది. సబీహా కూడా చిన్నప్పుడు ఈ కథకు పొట్ట పట్టుకుని నవ్వింది, మళ్ళీ చెప్పు అమ్మీ అని అడిగి చెప్పించుకుంది. ఇవాళ ఆ నవ్వు చెవుల్లో సీసం పోసినట్టుంది. నిద్రపోతున్న మనిషిని పెళ్ళాడారు, ఇరవై ఏడేళ్ళు నవ్వుకున్నారు. దుపట్టా కింది నుంచి గడప దగ్గర అమ్మీ పాదాలు కనిపిస్తున్నాయి, పగిలిన మడమలు, వేలికి వెండి మెట్టె, పాలమూరు అలవాటు. ఆ పాదాలు నవ్వడం లేదు. కదలడమూ లేదు. నవ్వకపోతే ఎవరిక్కావాలి అమ్మీ, నోరు తెరువు.

మెట్ల మీద మగవాళ్ళ అడుగులు, దగ్గు, ‘పర్దా, పర్దా’ అన్న కేక. ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, కబుర్లు ఆగాయి, మెడ మీద అయిదు వేళ్ళూ ఒక్కసారిగా మెలకువ తెచ్చుకున్నాయి. మూడు జతల మగ పాదాలు జంపఖానా అంచు దగ్గర ఆగాయి, ముందున్నవి మొయిన్ మామూవి, అమ్మీ అన్న, ఇవాళ్టి వకీలు, వెనక ఇద్దరు సాక్షులవి. మామూ బిస్మిల్లా అని, గొంతు సవరించుకుని అడిగాడు, ‘సబీహా బేటా, కరామత్ అలీ కొడుకు ఇంతియాజ్ అలీతోని, ఖరారైన మెహర్ మీద, నీ నిఖా నీకు కబూలా?’

ఇన్ని రోజులు దాచుకున్న మాట ఇప్పుడు రాలేదు. నాలుక పైకి అంటుకుపోయింది, అరె, ఇప్పుడా, ఇప్పుడే మొరాయించాలా నువ్వు అని తన నాలుకనే తిట్టుకుంది. ‘షర్మాయిస్తున్నది, సిగ్గు పిల్లకు,’ అన్నారెవరో ముద్దుగా. మామూ రెండోసారి అడిగాడు. చెయ్యి నొక్కింది. మెత్తగా కాదు, ఫుప్పూకి కూడా భయంగా ఉన్నట్టుంది, బొటనవేలు చెవి వెనక ఎముకలో దిగింది. సబీహా మెడ బిగించింది. ఎముక నొప్పి పుట్టేదాకా, కళ్ళలో నీళ్ళు చిమ్మేదాకా బిగించింది, ఇంత బలం మెడలో ఉంటుందని ఆమెకి తెలియదు, ఫుప్పూకీ తెలియదు, ‘వంచు బేటా, మీ అబ్బా ఇజ్జత్,’ అని చెవిలో ఆమె ఊపిరి. మామూ మూడోసారి అడుగుతుండగా రెండు చేతులతో దుపట్టా ఎత్తి వెనక్కి వేసింది, ఆ విసురుకు ఫుప్పూ చెయ్యి గుడ్డతోపాటు జారిపోయింది.

‘నక్కో,’ అంది. ‘నాకు కబూల్ లేదు మామూ.’

గదిలో వెలుతురు ఎక్కువగా ఉంది, అందరికీ ముఖాలున్నాయి. మామూ ఆమెని కాక గోడ వైపు చూస్తూ ‘ఏడుపుల ఏమో అన్నవ్ బేటా, మళ్ళ చెప్పు,’ అన్నాడు. ‘ఏడుస్తలేను. నక్కో అన్న. కేసు వాపస్ తియ్యను, నిఖా నాకొద్దు.’ అంతలో ఫుప్పూ గొంతు, గట్టిగా, తొందరగా, ‘అన్నది భాయ్, హౌ అన్నది, నేను పక్కనే ఉన్న, దిమాక్ తిరిగి ఏమో వాగుతున్నది గానీ లోపల హౌ అన్నది, ముబారక్,’ అంది, అలవాటు కొద్దీ అటు పక్క ఇద్దరు ముగ్గురు ముబారక్ అనేశారు, అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామూ సాక్షుల వైపు చూశాడు. సాక్షులు తలవంచుకున్నారు. తల వంగితే ఏమవుతుందో సబీహాకు తెలుసు, ఇదీ మారిపోతుంది, కళ్ళముందే, ఇంత స్పష్టంగా అన్న మాట కూడా మెట్లు దిగేలోపు హౌ అయిపోతుంది, మసీదు చేరేసరికి ఖర్జూరాలు పంచుతారు.

‘భాయ్.’

గడప దగ్గర నుంచి. పెద్దగా కాదు. అమ్మీ గొంతు ఎంత సన్నగా ఉంటుందో చాలామంది ఆ రోజే విన్నారు.

‘వకీల్ అంటే పిల్ల మాట మోస్కపోయెటోడు భాయ్. మార్చెటోడు గాదు. నక్కో అన్నది, నువ్వు విన్నవ్, నేను విన్న. పోయి గదే చెప్పు.’

మామూ చెల్లెలి వైపు చూశాడు. వెనక్కి తిరిగాడు, సాక్షులు దారి ఇచ్చారు, మూడు జతల పాదాలు మెట్ల వైపు నడిచాయి. ఫుప్పూ గోడకు జారగిలబడి, కింద ఉన్న తన అన్న గుండె ఆగిపోతుందని ఏడవడం మొదలుపెట్టింది. సబీహా లేచి నిలబడింది, కాళ్ళు తిమ్మిరెక్కి మొదటి అడుగు తడబడింది. అమ్మీ ముందు ఆగింది. ముద్దు పెట్టుకోవాలనిపించలేదు, కాళ్ళ మీద పడాలనిపించలేదు, రెండు భుజాలూ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

‘ఇన్నొద్దులు యాడ పెట్టినవ్ అమ్మీ ఈ నోరు?’ అంది.

అమ్మీ కాలిన వేళ్ళతో ద్వారబంధం పట్టుకుని నిలబడింది. సబీహా ఆమెను దాటుకుని, జరీ లంగా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, మెట్లు దిగుతున్న మగవాళ్ళ వెనకే దిగింది, అన్న మాట మసీదు దాకా మారకుండా చేరుతుందో లేదో తనే వెంట ఉండి చూసుకోవడానికి.